ట్రైలర్ మీద పడవ వెళ్తుంటే చుక్కాని ఎక్కడ ఉండాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. 16 అడుగుల ఫైబర్ తెరచాప పడవ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. విశాఖ మధురవాడలో ఇంటి ముందు ట్రైలర్ మీదే ఉంటుంది. ఆదివారాలు భీమిలి తీసుకెళ్తున్నారు, వచ్చే నెల హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌కి తీసుకెళ్లాలని ఉంది. చుక్కానిని పడవకే ఉంచి, బ్లేడు, అంటే నీళ్లలోకి దిగే పలక, పైకి మడిచి తాడుతో గట్టిగా కట్టేస్తే సరిపోదా, ప్రతిసారీ ఊడదీయాలా అని అడిగారు. కారులో పిల్లలు ఉంటారు కాబట్టి అక్కడ చోటు లేదన్నారు.

ఊడదీయాలండీ. హైదరాబాద్‌కే కాదు, భీమిలికైనా సరే. మధురవాడ నుంచి భీమిలి దగ్గరే కావచ్చు, కానీ దూరం తక్కువని స్పీడ్ బ్రేకర్లు తగ్గవు. కారుకి ఉన్నంత మెత్తని స్ప్రింగులు మన పడవ ట్రైలర్లకి ఉండవు. పైగా చుక్కాని వేలాడేది ట్రైలర్ చక్రాలకి బాగా వెనక, పడవ తోక చివర. స్పీడ్ బ్రేకర్ మీద కారులో మీకు చిన్న ఊపు తెలిస్తే, అక్కడ చుక్కాని ఎగిరి పడుతుంది.

ఎందుకు పాడవుతుందో అర్థమైతే మిగతాదంతా మీకే తోస్తుంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను. గేటు బందులు చూడండి. గోడకు బిగించిన భాగంలో రంధ్రం, గేటుకు బిగించిన భాగంలో పిన్ను. చుక్కాని కూడా అంతే. పడవ వెనక పలకకి రెండు స్టీలు బ్రాకెట్లు ఉంటాయి, వాటిని గజన్లు అంటాం. చుక్కానికి రెండు పిన్నులు ఉంటాయి, అవి పింటిల్స్. పైనుంచి దింపితే కూర్చుంటాయి, పైకి ఎత్తితే వచ్చేస్తాయి. నీళ్లలో చుక్కాని మీద పడే బలం ఎక్కువగా పక్కల నుంచి వస్తుంది, ఈ అమరిక దానికోసమే చేసింది. కింద నుంచి పైకి ఎగరేసే కుదుపుకి అడ్డం ఉన్నది ఒక్కటే: పలుచని స్టీలు రేకు క్లిప్పు. పడవ బోల్తా పడినప్పుడు చుక్కాని జారిపోకుండా పెట్టిన క్లిప్పు అది. రోడ్డు మీద గుంతల్ని ఆపడం దాని పని కాదు.

ఇప్పుడు మీరు చెప్పినట్టు బ్లేడు పైకి మడిచి కట్టామనుకోండి. బ్లేడు బరువు 4 కిలోలు, ఆ బరువు పిన్నులకి 60 సెంటీమీటర్ల వెనక ఉందనుకుందాం. రెండు పిన్నుల మధ్య దూరం 25 సెంటీమీటర్లు. నాలుగుని అరవైతో హెచ్చించి ఇరవై ఐదుతో భాగిస్తే దాదాపు 10. అంటే బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడే పై బ్రాకెట్‌ని 10 కిలోల బరువు వెనక్కి లాగుతోంది, కింది బ్రాకెట్‌ని అంతే బరువు పలకలోకి నొక్కుతోంది. గుంతలో చక్రం పడ్డ క్షణంలో అది మూడింతలైతే 30 కిలోలు. ఒక్కసారికి ఏమీ కాదు. హైదరాబాద్ దాకా దాదాపు 620 కిలోమీటర్లలో అది ఎన్ని వేలసార్లు జరుగుతుందో ఊహించండి. బోల్టు రంధ్రాలు సాగుతాయి, నట్లు వదులవుతాయి, ఫైబర్ మీద బ్రాకెట్ చుట్టూ సాలెగూడులాంటి సన్నని పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగి లోపలి చెక్క నానుతుంది. అప్పుడు చుక్కాని ఒక్కటే కాదు, వెనక పలక మొత్తం రిపేరుకొస్తుంది.

తాడు గట్టిగా కడితే ఆగుతుందని మీరు రాశారు. చాలా ఏళ్ల కిందట నేనూ సరిగ్గా అదే చేశాను. కాకినాడ నుంచి విశాఖ వస్తున్నాం, నేనూ మా అబ్బాయీ. తుని దాటి కొంత దూరం వచ్చాక వెనక బైక్ మీద వస్తున్న ఒకాయన హారన్ కొడుతూ, చెయ్యి ఊపుతూ పక్కకొచ్చాడు. దిగి చూస్తే రేకు క్లిప్పు విరిగిపోయింది, పై పిన్ను గజన్ లోంచి బయటికొచ్చేసింది. నేను కట్టిన తాడుకి వేలాడుతూ చుక్కాని బ్లేడు రోడ్డు మీద ఈడ్చుకొస్తోంది. చివర జానెడు మేర అరిగిపోయి లోపలి పసుపు ఫోమ్ కనబడుతోంది. ముట్టుకుంటే వేడిగా ఉంది, కాలిన ప్లాస్టిక్ వాసన. కింది గజన్ రంధ్రం గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. ఆ తాడు కూడా తెగి ఉంటే ఆ చుక్కాని ఆ బైకాయన ముందు పడేది. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె జారిపోతుంది. అందుకే ఈ విషయంలో ఎవరడిగినా ఒకటే చెప్తాను. మీ పడవ సంగతి తర్వాత, వెనక వచ్చేవాళ్ల ప్రాణం ముందు.

పెదజాలారిపేట ఒడ్డున పొద్దున పూట నిలబడి చూడండి. వేట నుంచి రాగానే మత్స్యకారులు పడవని ఇసుక మీదికి లాగుతారు, మోటారుని ఊడదీసి కర్రకి కట్టి ఇద్దరు భుజాన వేసుకుని తీసుకుపోతారు. పడవ వెనక వేలాడే బరువైన వస్తువుని వేలాడనివ్వకూడదని వాళ్లకి ఎవరూ పాఠం చెప్పలేదు. మనకి చుక్కాని ఊడదీయడం రెండు నిమిషాల పని.

ఇక ఎక్కడ పెట్టాలి. కారులో చోటు లేకపోవడం మంచిదే అయింది. సడన్ బ్రేక్ వేస్తే వెనక సీటు మీదుగా ముందుకొచ్చే వస్తువుల్లో, ఒక చివర స్టీలు పిన్నులున్న చుక్కాని కంటే ప్రమాదకరమైంది తక్కువ. పిల్లలున్న కారులో అది వద్దు. కారు టాప్ మీద కూడా వద్దు, వెడల్పాటి పలక కాబట్టి గాలికి లేస్తుంది. ట్రైలర్ ఫ్రేమ్ మధ్య పడవ కింద పెట్టేవాళ్లని చూశాను, టైర్లు విసిరే కంకర దెబ్బలన్నీ బ్లేడే తింటుంది.

పడవలోనే, నేల మీద, పడుకోబెట్టండి. మీ 16 అడుగుల పడవలో కూర్చునే బల్ల కింద, సెంటర్‌బోర్డు (పడవ పక్కకి జారకుండా మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక) పెట్టె పక్కన చోటు ఉంటుంది. చుక్కాని తల, అంటే పిన్నులున్న చివర, పడవ ముందు వైపు ఉండాలి. స్టీలు సామాను బరువు తలలో ఉంటుంది, అది ముందుకొస్తే ట్రైలర్ హుక్కు మీద కాస్త బరువు పెరుగుతుంది. వెనక వేలాడే బరువు ఎంత తగ్గితే ట్రైలర్ స్పీడులో తోక ఊపడం అంత తగ్గుతుంది. మీ చుక్కాని చిన్నది కాబట్టి పెద్ద తేడా తెలియకపోవచ్చు, 15, 20 కిలోల చుక్కానులున్న పెద్ద పడవల్లో ఇది స్టీరింగ్ మీద తెలుస్తుంది.

పడుకోబెట్టేటప్పుడు ఒక్క విషయం మీద మనసు పెట్టండి. బ్లేడు అడుగు మొత్తం ఏదో ఒకదానికి ఆనాలి. రెండు చివర్లు ఆని మధ్యలో ఖాళీ ఉంటే బ్లేడు వంగుతుంది. ఇది మన ఊళ్లో మరీ ముఖ్యం, ఎందుకంటే ఎండ. ఫైబర్ బ్లేడు పైపొర రెసిన్, లోపల ఫోమ్. చేత్తో కలిపి గది వేడిలో ఆరబెట్టిన ఎపాక్సీ రెసిన్ 50, 60 డిగ్రీలకే మెత్తబడడం మొదలెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నల్లని కవరు కింద, లేదా అద్దాలు మూసిన కారులో, 60 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. మధ్యాహ్నం మెత్తబడి వంగిన బ్లేడు సాయంత్రం చల్లబడేటప్పుడు ఆ వంపుతోనే గట్టిపడుతుంది. అలాంటి చుక్కానితో పడవ ఎప్పుడూ ఒక పక్కకే లాగుతుంది, తప్పు ఎక్కడుందో తెలియక టిల్లర్, అంటే చుక్కానిని తిప్పే కర్ర, పట్టుకున్న చెయ్యి నొప్పెడుతుంది. అందుకే కవరు తెల్లదో వెండి రంగుదో అయ్యుండాలి, పడవ నేల ఒంపుగా ఉంటే దాని మీద ప్లైవుడ్ పలక వేసి, పలక మీద ఫోమ్ షీటు పరిచి, ఆపైన బ్లేడు పెట్టాలి.

దాని మీద ఇంకేమీ పెట్టకండి. లంగరు, కూల్ బాక్స్, ఔట్‌బోర్డు మోటారు, ఏదీ వద్దు. బ్లేడు వెనక అంచు చాలా పలుచగా ఉంటుంది, చాలా బ్లేడుల్లో రెండు మూడు మిల్లీమీటర్లే. అక్కడ చిన్న నొక్కు పడినా గాలి జోరందుకున్నప్పుడు చుక్కాని సన్నగా హోరుమంటుంది, చేతికి వణుకు తెలుస్తుంది. పెట్రోల్ డబ్బా అయితే పక్కన కూడా పెట్టకండి. కొన్ని పాత బ్లేడుల లోపల ఉండేది థర్మాకోల్ రకం ఫోమ్. చిన్న పగులులోంచి పెట్రోల్ చుక్క దిగితే అది కరిగిపోతుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

సంచి సంగతి. బయట రెడీమేడ్ రడ్డర్ బ్యాగులు దొరుకుతాయి, బాగుంటాయి, ఖరీదు. నా సంచి సోఫాలు, బైకు సీట్లు కుట్టే షాపులో కుట్టించాను. బయట తెల్ల రెగ్జిన్, మధ్యలో పది మిల్లీమీటర్ల ఫోమ్, లోపల మెత్తని గుడ్డ. కొలతలకి చుక్కానినే షాపుకి తీసుకెళ్లి నేల మీద పెట్టి చాక్‌పీసుతో గీయించుకున్నాను, అన్ని వైపులా మూడు వేళ్లు వదులు ఉంచమన్నాను. కింది మూలల్లో రెండు ఇత్తడి రంధ్రాలు పెట్టించడం మర్చిపోకండి, లోపలికి వెళ్లిన నీళ్లు బయటికి పోవాలి. హైదరాబాద్ ప్రయాణంలో వాన పడితే ఆ రంధ్రాల విలువ తెలుస్తుంది. సంచి కుట్టించే లోపు పాత బొంత చాలు. నిజానికి పాత నూలు బొంత కంటే మెత్తగా పట్టుకునేది ఏదీ లేదు, తడిస్తే మాత్రం వెంటనే తీసి ఆరెయ్యాలి.

తడి గుడ్డలో చుట్టిన బ్లేడుని రోజుల తరబడి వదిలేస్తే ఫైబర్ మీద పొక్కులు వస్తాయి. ఉప్పు నీళ్లతో నానిన గుడ్డయితే స్టీలుకీ ముప్పే. స్టెయిన్‌లెస్ కదా తుప్పు పట్టదు అనుకోకండి. 304 రకం స్టీలు సముద్రం పక్కన ఒకటి రెండు సీజన్లకే టీ మరకల్లాంటి గోధుమ రంగు తేలుతుంది. 316 మేలు, కానీ గాలి ఆడకుండా తడిలో ఉంచితే దానికీ లోపల్లోపల గుంటలు పడతాయి. భీమిలి నుంచి రాగానే, ఇంకా సంచిలో పెట్టకముందే, బకెట్ మంచినీళ్లు పిన్నుల మీదా మడత బోల్టు దగ్గరా పోసి, గుడ్డతో తుడిచి, అరగంట నీడలో ఉంచండి. ఒడ్డున నీళ్లు దొరక్కపోతే ఇంటి నుంచి అయిదు లీటర్ల క్యాన్ తీసుకెళ్లండి, అది చాలు.

పిన్నులకి తోట పైపు ముక్కలు కోసి తొడగండి. సంచి చినగకుండా, పడవ నేల గీసుకోకుండా ఉంటుంది. టిల్లర్ కర్ర ఊడేదైతే విడిగా తీసి సంచిలో పక్కన పెట్టండి. ఊడకపోతే బ్లేడు మీదికి మడిచి, మధ్యలో గుడ్డ పెట్టి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో కట్టండి. ట్యూబు రబ్బరు గీతలు పెట్టదు, జారదు. స్ప్లిట్ పిన్ను, రేకు క్లిప్పు, బ్లేడు దించే తాడు, ఇలాంటి చిన్న సామాను కోసం సంచికే జిప్పు జేబు కుట్టించండి. ఆదివారం పొద్దున భీమిలి ఒడ్డున రెండు రూపాయల స్ప్లిట్ పిన్ను లేక రోజంతా పోయినవాళ్లని నేను చూశాను.

కట్టడానికి ఎలాస్టిక్ హుక్కు తాళ్లు వాడకండి, అవి సాగుతాయి, వస్తువుని ఊయల ఊపినట్టు ఊపుతాయి. అంగుళం వెడల్పు నైలాన్ బెల్టులు, లాగి బిగించే బకిల్‌వి, రెండు చాలు. ఒకటి తల దగ్గర, ఒకటి బ్లేడు సగం దాటాక. రెండూ పడవలోని గట్టి కొక్కేలకో, కూర్చునే బల్ల కాళ్లకో వెయ్యాలి. తల దగ్గరి బెల్టు గట్టిగా బిగించండి, అక్కడ స్టీలు ఉంది తట్టుకుంటుంది. బ్లేడు మీది బెల్టు కదలకుండా పట్టుకుంటే చాలు, పలుచని అంచు మీద నొక్కకూడదు. లారీలకి వాడే రాచెట్ బెల్టు మాత్రం బ్లేడు మీద వెయ్యకండి. చేతికి తెలియకుండానే చాలా బలం పెట్టేస్తాం, ఫోమ్ లోపల అణిగిపోతుంది.

హైదరాబాద్ వెళ్లేటప్పుడు మొదటి 20 కిలోమీటర్లకి ఒకసారి ఆగండి. టీ తాగి బెల్టులు చూడండి. ఫోమ్ అణిగి బెల్టులు వదులయ్యేది ఆ మొదటి కుదుపుల్లోనే. తర్వాత ప్రతి వంద కిలోమీటర్లకీ ఒకసారి చాలు. రాత్రి విజయవాడలో ఆగితే చుక్కాని సంచిని గదిలోకి తెచ్చుకోండి. స్టెయిన్‌లెస్ స్టీలుకి పాత ఇనుప సామాను దగ్గర ధర ఉంటుంది, పైగా చుక్కాని లేని పడవని ఎవరూ నీళ్లలోకి తీసుకుపోలేరు.

చుక్కాని తీసేస్తే ఇంకో లాభం ఉంది, దీన్ని చాలామంది వాడుకోరు. ఖాళీ అయిన గజన్లలో ఒక కర్ర స్తంభాన్ని నిలబెట్టి, దాని పైన, ప్రయాణానికి పడుకోబెట్టిన మాస్ట్‌ని, అంటే తెరచాప కట్టే గడని, ఆనించవచ్చు. వడ్రంగితో చేయించండి, పైన ఇంగ్లీషు వై అక్షరంలా చీలిక, దానికి కార్పెట్ ముక్క. కానీ ఆ కర్ర స్తంభం అడుగు ట్రైలర్ అడ్డ కమ్మీ మీద ఆనాలి. గజన్లు దాన్ని నిటారుగా పట్టుకోవాలి, బరువు మాత్రం ట్రైలర్ మొయ్యాలి. లేకపోతే చుక్కాని తీసి గజన్లకి ఇచ్చిన విశ్రాంతి మాస్ట్ బరువుతో పోతుంది.

చుక్కాని ఊడని పడవలు ఉన్నాయి, పడవ అడుగులోంచి గుండ్రటి షాఫ్టు దిగి కింద బ్లేడు ఉండేవి. మీది అది కాదు కాబట్టి రెండు మాటల్లో చెప్తాను. టిల్లర్‌ని రెండు పక్కల నుంచి తాళ్లు లాగి సరిగ్గా మధ్యలో కదలకుండా కట్టాలి, బ్లేడు మీద పడవ బరువు ఏ మాత్రం పడకుండా ట్రైలర్ దిమ్మలు సర్దాలి.

మీ పడవ సెకండ్‌హ్యాండ్ కాబట్టి వచ్చే నెలలోపు ఒక పని చెయ్యండి. ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ఖాళీ గజన్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకీ ఊపాలి. ఇంకొకరు పడవ లోపల నుంచి బోల్టుల మీద వేలు పెట్టి ఉంచాలి. కంటికి కనబడని కదలిక వేలికి తెలుస్తుంది. కదిలితే పైపైన బిగించి వదిలేయకండి. బోల్టు తీసి, రంధ్రం పూర్తిగా ఆరాక సీలెంట్ పూసి, లోపల వెడల్పాటి వాషర్లతో, నైలాక్ నట్లతో (లోపల నైలాన్ రింగు ఉండి కుదుపులకి వదులవ్వనివి) బిగించండి. మామూలు నట్టు ట్రైలర్ కుదుపులకి దానంతటదే తిరిగి వచ్చేస్తుంది. తీసిన బోల్టుకి నల్లని తడి చెక్క పొడి అంటుకుని వస్తే మాత్రం హైదరాబాద్ ఆలోచన వాయిదా వేసి ముందు ఆ పలక బాగుచేయించండి. పాత యజమాని చుక్కాని వేలాడేసుకుని తిరిగి ఉండొచ్చు.

ఇంట్లో ఉంచేటప్పుడు కూడా గోడ మూలకి చేరేసి నిలబెట్టకండి. చివర నేలకి ఆని, తల గోడకి ఆని, నెలల తరబడి అలా ఉంటే వంగిపోతుంది. అటక మీద చదునుగా పడుకోబెట్టండి, లేదా తల దగ్గర తాడు కట్టి నిటారుగా వేలాడదీయండి. టెర్రస్ మీద బరకం కింద అసలు వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మన ఊళ్లో ఉన్నవాళ్లకి బరకాలు ఏమయ్యాయో చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక వింటే పడవని కట్టడానికి ముందే చుక్కాని, టిల్లర్ ఇంట్లోకి తెచ్చేయడం అప్పటి నుంచి నాకు అలవాటైపోయింది.

చివరికి హుస్సేన్ సాగర్ ఒడ్డున సంచి విప్పాక, బిగించే ముందు బ్లేడుని కంటి ఎత్తుకి ఎత్తి, ఒక కన్ను మూసి అంచు వెంట చూడండి, వడ్రంగి చెక్క చూసినట్టు. ఒంపు ఉంటే అక్కడే తెలిసిపోతుంది. పైపు ముక్కలు తీశారా చూసుకోండి. చుక్కాని తలకి సన్నని తాడు కట్టి దాని రెండో కొస పడవకి ముడెయ్యండి, అప్పుడే పిన్నులు గజన్లలోకి దింపండి. రేకు క్లిప్పు టక్కుమని బయటికి రావాలి. వచ్చాక చుక్కానిని రెండు చేతులతో పట్టుకుని గట్టిగా పైకి లాగండి. వేలెడంత కూడా లేవకూడదు. లేస్తే ఆ క్లిప్పు మార్చేదాకా పడవని నీళ్లలోకి దించకండి.